మా మామ ప్రాణం, మా ఆయన రింగులు

మా ఆయన తలకు రింగులు పెట్టించుకుని వచ్చిన రోజు మా మామ కన్నకొడుకును గుర్తుపట్టలేదు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. తడక తీసుకుని లోపలికి వచ్చిన మనిషిని పైనుంచి కింది దాకా చూసి, "ఎవల కోసం బాబూ?" అని అడిగాడు. నేనే బాపు అని కొడుకు అంటే గొంతు ఆనవాలు పట్టి చుట్ట పక్కన పెట్టాడు. కాసేపు అలాగే చూసి నా వైపు తిరిగాడు.

"వీన్ని కరెంటు కొట్టినట్టుంది. జర మంచినీళ్లియ్యి."

కరెంటు కాదు. వరంగల్లులో ఒక సెలూన్. సన్న గొట్టాలకు వెంట్రుకలు చుట్టి, ఏదో మందు పోసి, పొద్దంతా కూర్చోబెట్టి సాపు జుట్టును ఉంగరాల జుట్టు చేసి పంపారు. ఆ మందు మురిగిన కోడిగుడ్డు వాసన వేసేది. మా పిల్లి రెండు రోజులు ఇంట్లోకి రాలేదు.

ఇదంతా సోకు కోసం కాదని ముందే చెప్పాలి. మాది లింగాల ఘనపూర్ దగ్గర ఊరు. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిలో బడులు బందయినప్పుడు మా ఆయన చదువు ఆగింది. బడులు తెరిచారు కానీ ఆయన పోలేదు, అప్పటికే జనగామ బ్యాండు మేళం వెనక తిరగడం మరిగాడు. ఏండ్ల తరబడి అందరికంటే వెనక నిలబడి చిన్న డోలు కొట్టాడు. నన్ను చేసుకున్నప్పుడూ అదే డోలు, పిల్లలు పుట్టినప్పుడూ అదే డోలు. ముందు నిలబడి మైకు పట్టుకుని పాడే మనిషి భూపాలపల్లి దిక్కు పని దొరికిందని వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. మేళం పెద్దాయన మా ఆయన చేత పాడించి చూశాడు. గొంతు బాగానే ఉందట, ముఖమూ పర్వాలేదట, జుట్టు మాత్రం వానకు తడిసిన గడ్డివాము లాగా ఉందట. అప్పుడు ఎక్కడ చూసినా రింగుల జుట్టు పిచ్చి. పెళ్లికొడుకు దోస్తులు పాటకంటే ముందు పాడేవాని తలను చూసేవాళ్లు. మాఘం ముహూర్తాల నాటికి రింగులు పెట్టించుకుంటే ముంగటి చోటు నీదే అన్నాడు పెద్దాయన. మా ఆయన మర్నాడే బస్సెక్కాడు.

సెలూన్ ఆయన చెప్పి పంపిన నియమాలను మా ఆయన నాకు అప్పజెప్పాడు. అప్పటికి నాకు చదువు రాదు. అక్షరాలు నేర్చుకున్నది చాలా తర్వాత, మా మనుమరాలు బడికి పోయే వయసులో. చదువు లేని మనిషి విన్నది గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఆ నియమాలు నాకు ఇప్పటికీ గుర్తే. మొదటి మూడు రోజులు తల తడపవద్దు. నూనె ముట్టవద్దు, నూనె బరువుకు రింగులు సాగిపోతాయి. సన్న పండ్ల దువ్వెన తలలో పెట్టవద్దు, జుట్టు తడిగా ఉన్నప్పుడే వేళ్లతో విడదీసుకోవాలి. తువ్వాలతో రుద్దవద్దు, అద్దాలి. నూలు దిండు మీద తల పెడితే వెంట్రుకలు పీచు లేస్తాయి, అందుకని పట్టు బట్ట చుట్టుకుని పడుకోవాలి.

మా ఇంట్లో పట్టు అంటే ఒక్కటే, నా పెళ్లి చీర. కోసి ముక్క ఇవ్వమన్నాడు. ప్రాణం పోయినా కోయనివ్వనన్నాను. దాంతో కోయని చీరనే తలకు చుట్టుకుని, మిగిలింది మంచం నిండా పరుచుకుని పడుకునేవాడు. మా మామ పొద్దున్నే లేచి బయటికి పోతూ కోడలు పడుకుందనుకుని ముఖం పక్కకు తిప్పుకుని, దగ్గుతూ నడిచేవాడు. ఒకనాడు ఆ కోడలు మగ గొంతుతో "బాపు, తడక సరింగ ఎయ్యి" అనేసరికి ఆయన చేతిలో చెంబు కింద పడింది.

మందు వాసన పోయాక ఇంకో తిప్పలు వచ్చింది. రింగులు చెదిరిపోకుండా నిలబడాలంటే బెండకాయలు ఉడికించి ఆ జిగురు రాసుకోమని మేళంలో ఎవరో చెప్పారు. మా పెరట్లో కాసిన బెండకాయలన్నీ ఆయన నెత్తికే పోయాయి. మా ఇంట్లో బెండకాయ కూర అన్న మాట లేకుండా పోయింది. మెరుపు రావాలంటే బీరుతో కడగాలని సెలూన్ ఆయన అన్నాడట. మా ఊళ్లో బీరెక్కడిది? ఈత కల్లుతో కడిగాడు. మెరుపు సంగతి తెలియదు కానీ ఈగలు వచ్చాయి. ఆయన ఎటు నడిస్తే అటు నడిచాయి.

మామకు దమ్ము రోగం. చలికాలం వస్తే ఊపిరి ఈల వేసేది. ఊరి డాక్టరు చుట్టా కల్లూ బందు పెట్టమన్నాడు. చుట్ట ఎవరి మాటా వినలేదు. కల్లు మాత్రం నేను బందు చేయించాను. ఇప్పుడు కొడుకు తల మీద కల్లు పోసుకోవడం చూసి ముసలాయన నిజంగానే బాధపడ్డాడు. "నాకు బందు జేసిన కల్లు వీని నెత్తి తాగుతాంది" అని వచ్చినోళ్లకీ పోయినోళ్లకీ చెప్పుకున్నాడు.

ఆ పుష్యమాసంలో ఒక సాయంత్రం ఆయనకు ఊపిరి ఆడలేదు. నేను వీపు రాస్తున్నాను, కొడుకు విసురుతున్నాడు. పక్కింటి వదినె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఏదీ మనసులో దాచుకోదు. ముసలాయనను చూసింది, మా ఆయన తలను చూసింది.

"అయ్యో మరిదీ, ముసలాయన పోతే గా రింగులు గూడ పోతయి గద."

ఆ మాట అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకోవాలి. గుండు ఒక్కటే అయితే మళ్లీ పెరుగుతుంది, కానీ ఏడాది మైల ఉన్న మనిషిని ఏ పెళ్లివాళ్లూ ఊరేగింపు ముందు నిలబడనివ్వరు. అంటే రింగులూ పోయి, మైకూ పోయి, మళ్లీ వెనక డోలు. మా ఆయన విసనకర్ర ఆగింది. ఎడమ చెయ్యి తల మీదికి పోయింది. తర్వాత విసనకర్ర ఎంత జోరుగా తిరిగిందంటే దీపం ఆరిపోయింది.

ఆ రోజు నుంచి మా ఆయన చేసిన సేవ ఊరంతా చెప్పుకుంది. వేడినీళ్లు కాచి తండ్రికి స్నానం చేయించేవాడు. ఎండను బట్టి మంచాన్ని జరిపేవాడు. రాగి జావ ఊదుకుంటూ తాగించేవాడు. కొడుకంటే గిట్లుండాలె అని ఊళ్లో తండ్రులు తమ కొడుకులను తిట్టేవాళ్లు. ముసలాయన ఊపిరితిత్తులకే దమ్ము కానీ బుద్ధికి కాదు. వారం తిరగకముందే సంగతి మొత్తం అర్థం చేసుకున్నాడు.

ఇక చూసుకోండి. ఒక పూట మేక బోటి కూర అడుగుతాడు. డాక్టరు వద్దన్నాడంటే గుండె మీద చెయ్యి పెట్టుకుని, గోడకు తిరిగి, రెండు ఈల ఊపిరులు తీస్తాడు. కొడుకు సంచి పట్టుకుని పరుగెత్తుతాడు. ఒకనాడు కల్లు అడిగితే నేను అడ్డం నిలబడ్డాను. మామ నన్ను దాటి కొడుకును పిలిచాడు.

"ఏం కొడుకా, నెత్తి ఉంచుకుంటవా, తీయించుకుంటవా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో కల్లు రెండు వాటాలైంది. ఒక ముంత తండ్రి గొంతులోకి, ఒక ముంత కొడుకు తల మీదికి. మధ్యలో ఈగలకు మాత్రం ఏ తేడా లేదు. నాకు ఒళ్లు మండేది. మీ అయ్య నిన్ను ఆడిస్తున్నాడని మా ఆయనతో అన్నాను. ఆడిస్తే ఆడించనియ్యి, ఆయన ఊపిరి ఆడుతుంది కదా అన్నాడు.

మాఘం వచ్చింది. జనగామలో ఒక బట్టల కొట్టు సేటు ఇంట్లో పెళ్లి, మా ఆయన ముంగట నిలబడే మొదటి బరాతు ఊరేగింపు. దానికి ముందురోజే మామకు నిజంగా దమ్ము వచ్చింది. ఈసారి గుండె మీద చెయ్యి పెట్టుకోలేదు, గోడకు తిరగలేదు, ఏమీ అడగలేదు. అందుకే మాకు భయమేసింది. బస్సులో జనగామ దవాఖానకు తీసుకుపోయాం. నా పెళ్లి చీర ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆయన ఆ రాత్రంతా ఇనుప మంచం పట్టె మీద తల ఆనించి తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఉత్త ఇనుము మీద.

మర్నాడు పొద్దు వాలే వేళ మేళం పెద్దాయన మనిషిని పంపాడు. మా ఆయన పోనన్నాడు. ముసలాయన కళ్లు తెరిచి, పొమ్మని చేత్తో చూపించాడు. వచ్చేదాకా పట్టుకుని ఉంటానన్నాడు. ఏం పట్టుకుంటాడో చెప్పలేదు. మా ఆయన పోయాడు.

బరాతు దవాఖాన ముందు రోడ్డు మీదుగానే వచ్చింది. గ్యాసు లైట్లు, గుర్రం, బాజాలు, అన్నిటికంటే ముందు మైకు పట్టుకుని మా ఆయన. మామ నన్ను పిలిచి లేపమన్నాడు. భుజాల కింద చేతులు వేసి కిటికీ దాకా లేపాను. కొడుకు అంత గొంతెత్తి పాడటం ఆయన వినడం అదే మొదలు. పాట గురించి ఒక్క మాట అనలేదు. కళ్లు చికిలించి తలనే చూశాడు.

"ఎడమ దిక్కు అంత వత్తుకపోయింది. నా మంచం పట్టెకు పెట్టి పండె గద, పిచ్చోడు."

నాలుగు రోజులకు మామ లేచి ఇంటికొచ్చాడు. వచ్చినప్పటి నుంచి మనిషి మారాడు. బోటి లేదు, బెదిరింపు లేదు. కొడుకు తల ఆయన పని అయిపోయింది. బెండకాయలు తనే కోసి తనే ఉడికించేవాడు, నేను మాడబెడుతున్నానట. సాయంత్రం అయితే నా చీర తెచ్చి కొడుకు తలకు చుట్టేవాడు, పెళ్లికూతురును చేస్తున్నట్టు. మా ఆయన ఒకసారి అలవాటు కొద్దీ తువ్వాల తీసి తల రుద్దుకోబోతే చేతికర్ర విసిరాడు. ఎండాకాలం నాటికి మొదళ్ల నుంచి సాపు వెంట్రుకలు వచ్చాయి. కింద రింగులు, మీద సాపు, ఊలు సగం కత్తిరించిన గొర్రె లాగా ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముసలాయనకు నవ్వు రాలేదు. వెలుతురులో కూర్చోబెట్టి పాయలు పాయలుగా తీసి చూశాడు.

"మొదట్ల నుంచి సాపయితాంది. మల్ల పోయి పెట్టిచ్చుకో. గివి పోతే ఇగ నాతోని నీకేం పని?"

మా ఆయన తెల్లారి వరంగల్లు బస్సు ఎక్కాడు. ఈసారి మందు వాసనకు మామ ముక్కు మూసుకోలేదు. మంచిగ పట్టింది అన్నాడు.

రెండో మాఘం ముహూర్తాలు ఇంకా మొదలు కాలేదు. ఒక పొద్దున మామ జావ తాగి, మంచాన్ని ఎండలోకి జరపమన్నాడు, జరిపాక ఇక పలకలేదు. ముహూర్తాలకని ఆ నెలలోనే మళ్లీ పెట్టించుకున్న కొడుకు తల అప్పుడు నిండా రింగులతో ఉంది. అంత బాగా ఎన్నడూ లేదు.

దినాల నాడు బావి దగ్గర గుండు గీసే మనిషి కత్తి పట్టుకుని ఆగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నాడు. మేళం పెద్దాయన కూడా వచ్చాడు, తల కంటే నేలనే ఎక్కువ చూశాడు. మా ఆయనే తల వంచి ఇచ్చాడు. రింగులు తడి నేల మీద పడ్డాయి. నీళ్లు పోసినా సాగలేదు. సెలూన్ ఆయన పని గట్టిగానే చేశాడు.

తర్వాత పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. బోటి పెట్టాం, కల్లు పెట్టాం, చుట్ట కూడా పెట్టాం. కాకి చెట్టు మీద కూర్చుని చూస్తోంది కానీ దిగలేదు. ఎండెక్కింది. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట ఇచ్చారు. పక్కింటి వదినె నన్ను మంచిగా చూసుకుంటానని మాట ఇచ్చింది, ఆ మాట ఇంకా బాకీనే. నేను ఏటేటా ఆయన పేరున నలుగురికి అన్నం పెడతానన్నాను. కాకి ముక్కు రుద్దుకుంది. అందరికీ ఆకలి. అప్పుడు మా ఆయన గుండు తల మీద తడిబట్ట వేసుకుని ముందుకు వచ్చాడు.

"బాపు, ఏడాది ఎల్లంగనే మల్ల రింగులు పెట్టిచ్చుకుంట. పట్టు బట్ట కట్టుకునే పండుకుంట."

కాకి దిగింది. మొదట బోటి తిన్నది.

నవ్వడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. నేను తర్వాత నవ్వాను, ఒక్కదాన్నే, నీళ్ల గోళెం దగ్గర.

ఆ ఏడాదంతా ఆయన వెనక నిలబడి డోలే కొట్టాడు. మైకు మహబూబాబాద్ నుంచి తెచ్చిన ఇంకొకరి చేతిలో ఉంది. మళ్లీ ఇస్తారో లేదో పెద్దాయన చెప్పలేదు, ఈయన అడగలేదు. ఏడాది వెళ్లింది. జుట్టు చెవులు దాటింది. ఒకరోజు చెప్పకుండా వరంగల్లు పోయి, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చాడు. తడక తీశాడు, లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, వాకిట్లో ఖాళీ నులక మంచం వైపు చూస్తున్నాడు. కోడిగుడ్డు వాసన నా దాకా వచ్చింది. చాటలో బియ్యం ఏరుతున్న నేను తల ఎత్తాను.

"ఎవల కోసం బాబూ?" అన్నాను.

అప్పుడు లోపలికి వచ్చాడు. మంచం మీద కూర్చుని చెప్పులు విడిచాడు.

"బెండకాయలున్నయానే?" అని అడిగాడు.