పిస్టల్ ఇంకా కాలేదన్న అంకుల్

మంగళవారం ఉదయం ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయిండ్రు బాబూ. పొద్దుగాల షెడ్డుల కూసున్న కాడనే పోయిండ్రు," అన్నారు. "ఎప్పుడు ఆంటీ?" అని అడిగాను, ఆవిడ అప్పుడే చెప్పిన సంగతిని. ఫోన్ పెట్టేశాక నాకు వచ్చిన మొదటి ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. 'మరి నా పిస్టల్?' అనుకున్నాను. ఆ వెంటనే, మూడు వారాల కిందట ఆయన ముఖం మీదే నేను అరిచిన మాటలు గుర్తొచ్చాయి. ఆ రోజు ఆఫీసులోకి వెళ్ళలేదు. టెక్సాస్‌లో మా ఊరు ప్లేనో రోడ్ల మీద మధ్యాహ్నం దాకా ఊరికే డ్రైవ్ చేశాను.

ఇది చదివే మీలో చాలామందికి ఆయన తెలియదు. మన తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లకు వచ్చే మనిషి కాదు. బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో ఫిట్టర్‌గా చేరి, నలభై దాటాక ఈ దేశం వచ్చి, ఇరవై ఏళ్ళు ఇక్కడి మెషిన్ షాపుల్లో పనిచేశారు. రిటైరయ్యాక లైసెన్స్ తీసుకుని, ప్లేనోకి ఉత్తరాన గంట దూరంలో ఉన్న తన ఇంటి వెనక షెడ్డులో పిస్టళ్ళు బాగుచేసేవారు. పిక్కప్ ట్రక్కుల్లో వచ్చే టెక్సాస్ పెద్దమనుషులు ఆయన ముందు స్టూలు మీద ఒద్దికగా కూర్చుని, స్టీలు గ్లాసులో ఆంటీ ఇచ్చిన చాయ్ తాగుతుండగా చూశాను.

ఆయన చేసేది ఒకటే రకం పిస్టల్. వందేళ్ళు దాటిన డిజైన్ అది, ఒకప్పుడు ఇక్కడి సైన్యం వాడింది. ఇప్పటికీ ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి. అలాంటి మామూలు కంపెనీ పిస్టల్‌ని ఆయన పూర్తిగా విప్పి, పనికిరాని భాగాలు మార్చి, మిగిలినవి చేత్తో ఆకురాయి పట్టి అమర్చి, కొన్నవాడి చేతికి సరిపోయేలా మళ్ళీ కట్టేవారు. అలా కట్టించుకోవడానికి అసలు ధరకు ఎన్నో రెట్లు అవుతుంది.

నా దగ్గర మామూలుది ఉంది. మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డాక కొన్నాను. కొన్నప్పటి నుంచీ దానికంటే మంచిది ఉందన్న సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కారు విషయంలోనూ, ఇంటి విషయంలోనూ నాకు ఇదే జబ్బు. నెలల తరబడి రివ్యూలు చదివి, ఫోన్ నిండా ఫొటోలు వేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అంత పెట్టి చేయించుకుంటే వర్త్ అంటారా అంకుల్?"

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని నా పిస్టల్ అందుకున్నారు. గుళ్ళు లేవు కదా అని రెండుసార్లు చూశారు. కళ్ళు మూసుకుని, పైన జరిగే స్లైడ్‌ని మెల్లగా వెనక్కి లాగి వదులుతూ, ఆ చప్పుడు విన్నారు.

"ఇది పనిచేస్తది. నేను చేసింది గూడ పనిచేస్తది. నడుమ తేడా నీ చెయ్యికి తెలుస్తది. దొంగకు తెల్వది."

"మరి ఇంతమంది ఎందుకు చేయించుకుంటారు?"

"మంచిగ చేసిన వస్తువు చేతిల ఉంటే కొందరికి మనసు కుదురుతది బిడ్డా. కొందరికి ఏది ఉన్నా కుదరది. నువ్వు ఏ తీరోనివో నాకింకా తెల్వది."

ఆ మాట నాకు నచ్చలేదు. అమ్మకందారు కొనేవాడిని పరీక్షించడమేమిటి అనుకున్నాను. అయినా పిస్టల్ ఆయన చేతిలో పెట్టి వచ్చాను. రెండు నెలల్లో ఇస్తానన్నారు.

మూడో వారంలో నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల మీటింగ్, తర్వాత లాగిన్ పనిచేయలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఒక కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేకపోయేవాణ్ణి. తలుపు తాళం చూసి వచ్చేవాణ్ణి, మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి. నిద్ర లేదు. మా ఆవిడ ఏదైనా అడిగితే ఆమె మాట పూర్తికాకముందే కసురుకునేవాణ్ణి. నాకున్న ఒకే ఒక్క ఎదురుచూపు ఆ పిస్టల్. అది వస్తే ఏదో చక్కబడుతుందని ఎందుకు నమ్మానో ఇప్పుడు చెప్పలేను.

రెండు నెలలు అయ్యాక ఫోన్ చేశాను. "ఇంకా కాలే. బ్యారెల్ రాలే. ఆదివారం రా, మాట్లాడుదం," అన్నారు. వెళ్తే, ఒక ఉక్కు ముక్కను బల్లకున్న వైస్‌లో బిగించి, ఆకురాయి చేతికిచ్చారు. "దీన్ని సాపు చెయ్యి." గంటన్నర గీకాను. ఆయన దాని మీద మూలమట్టం నిలబెట్టి, కిటికీ వైపు ఎత్తి, సందులోంచి వెలుతురు కనపడుతోందా అని చూశారు. కనపడింది. "వచ్చే ఆదివారం మల్ల రా."

తర్వాతి నెల ఫినిష్ తనకు నచ్చలేదన్నారు. ఆ తర్వాత ఏదో స్ప్రింగ్. ప్రతిసారీ ఆదివారం రమ్మనేవారు, ప్రతిసారీ అదే ఉక్కు ముక్క. నా చేత ఊరికే పని చేయించుకుంటున్నారని ఇంట్లో విసుక్కునేవాణ్ణి. అయినా వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే ఆ గంటన్నరా నేను లేచి ఏ తాళమూ చూసి రాలేదు. ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. "భుజం తోని తోయకు, నడుము తోని తోయి," అనేవారు. "తొందరపడితే మూలలు గుండ్రమైతయ్," అనేవారు. పని అయ్యాక డిటర్జెంట్ పౌడర్‌తో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నా చేతిలోనూ కొంచెం పోసేవారు. ఏదైనా భాగం సరిగ్గా అమరితే "సక్కగ కూసున్నది" అనేవారు. అంతకు మించిన మెప్పు ఆయన నోట నేను వినలేదు.

ఎనిమిదో నెలలో నాకు ఉద్యోగం దొరికింది. మొదటి శనివారమే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అంకుల్, ఇవాళ తీసుకెళ్తాను."

ఆయన నా ముఖం కేసి కాసేపు చూశారు. "ఉద్యోగం మంచిగున్నదా? కూసో, చాయ్ తాగు."

"చాయ్ వద్దు అంకుల్. ఎనిమిది నెలలైంది. మీకు చేతకాకపోతే చెప్పండి, వేరే వాళ్ళకి ఇస్తాను."

"చాయ్ తాగినంక మాట్లాడుదం."

"మీరు పెద్దవాళ్ళని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక్కడ ఎవడైనా ఇలా చేస్తే కంప్లెయింట్ చేసేవాణ్ణి."

ఆంటీ రెండు గ్లాసులు పట్టుకుని షెడ్డు గుమ్మంలో ఆగిపోయారు. నేను ఆవిడ పక్కనుంచే బయటికి నడిచాను.

ఆయనను చూడటం అదే ఆఖరు.

దినవారాలు అయ్యాక ఆంటీ రమ్మన్నారు. షెడ్డులో ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళకు అప్పగించే పని, లైసెన్స్‌తో తుపాకుల షాపు నడిపే ఆయన స్నేహితుడొకరు చూస్తున్నారు. ఒకప్పుడు మెషిన్ షాపులో ఆయనతో పనిచేసిన తెల్లాయన. సేఫ్ తెరిచి, నూనెగుడ్డలో చుట్టిన నా పిస్టల్ తీసి బల్ల మీద పెట్టారు. దానికి దారంతో ఒక అట్ట కట్టి ఉంది. అంకుల్ చేతిరాత. నా పేరు, కింద 'అయిపోయింది', దాని పక్కన తారీఖు. అది ఏడు నెలల కిందటి తారీఖు.

మొదట నాకు కోపమే వచ్చింది. "ఏడు నెలల కిందటే అయిపోతే ఇన్నాళ్ళూ ఎందుకు తిప్పారు ఆంటీ?"

ఆంటీ స్టూలు మీద కూర్చున్నారు. "పనిపోయినంక ఒకసారి అచ్చినవ్. ఇదే జాగల చాయ్ తాగినవ్. 'ఆ పిస్టల్ ఇప్పుడు ఇంట్ల లేకపోవుడే మంచిదిలెండి, ఉంటే ఏం చేసుకుంటనో' అన్నవంట. అని నవ్వినవంట."

నాకు గుర్తు లేదు. నవ్వుతూ అన్న మాటలు చాలా ఉంటాయి. కానీ ఆవిడ చెబుతుంటే అవి నా మాటలేనని తెలిసింది.

"ఆ పూట అన్నం తినలే ఆయన. పిలగాడు నవ్విండు గని కండ్లు నవ్వలే అన్నరు. పని ఆ వారమే అయిపోయింది. ఇయ్యబుద్ధి కాలే. ఇయ్యకపోతే ఇంకో దుకాణంల కొంటడేమో అని మల్ల భయం. అందుకే ఆదివారం రా, ఆదివారం రా అనుకుంట పిలిచేది."

"ఉద్యోగం వచ్చాకైనా ఇవ్వచ్చు కదా."

"ఉద్యోగం అచ్చింది, నిద్ర అచ్చిందో లేదో అడగాలె అన్నరు. చాయ్ తాగుకుంట అడుగుదమనుకున్నరు." ఆవిడ కొంగుతో బల్ల అంచు తుడిచారు. "నువ్వు తాగలే."

నేను అన్నంత పనీ చేసేవాణ్ణా అని ఈ వారాల్లో చాలాసార్లు ఆలోచించాను. చేసేవాణ్ణి కాదని మా ఆవిడతో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, అవునని మాత్రం అనలేదు. నిజం నాకూ తెలియదు. తెలియకపోవడమే నన్ను ఇప్పటికీ కూర్చున్న చోటి నుంచి లేపుతోంది. నేను ఏ తీరు మనిషినో తేల్చుకోకుండా వస్తువు చేతిలో పెట్టని మనిషి ముందు కంప్లెయింట్ మాట ఎత్తాను.

వర్త్ అవునా కాదా అని మీరు అడగవచ్చు. ఆ రోజు షెడ్డులో దాన్ని ఖాళీగా ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. స్లైడ్ లాగితే నీళ్ళలో చెయ్యి కదిపినట్టుంది. పట్టుకున్న చోట అరచేతికి ఎక్కడా అంచు తగల్లేదు. నా బొటనవేలు ఎక్కడ ఆగుతుందో ఆయన ఎప్పుడు కొలిచారో తెలియదు, బహుశా నేను ఆకురాయి పట్టుకున్న ఆదివారాల ముందే చూసి ఉంటారు. అంత మంచి వస్తువు నా చేతికి అంతకుముందు రాలేదు. అవును, ప్రతి పైసాకీ వర్త్. కానీ ఆయన దగ్గర నాకు దొరికినదాంట్లో అది చిన్న భాగం.

పిస్టల్‌ని మళ్ళీ గుడ్డలో చుట్టి తెల్లాయనకు ఇచ్చాను. మీ షాపు సేఫ్‌లో ఇంకొన్నాళ్ళు ఉంచగలరా అని అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు, నా ముందు కాగితం పెట్టి సంతకం చేయించుకున్నారు. సోమవారం మా డాక్టర్‌కి ఫోన్ చేసి, నిద్ర పట్టడం లేదని మొదటిసారి పైకి చెప్పాను.

పిస్టల్ అప్పగించిన ఆ రోజు, బయల్దేరే ముందు ఆంటీ చాయ్ ఇచ్చారు. నిలబడి కాకుండా, వంటింట్లో కూర్చుని తాగాను. చెప్పులేసుకుంటుంటే ఆవిడ చీపురు తెచ్చి షెడ్డు వైపు గుమ్మం ఊడ్చారు. చేటలో దుమ్ముతో పాటు సన్నని ఇనుప రజను మెరిసింది.

"రోజూ ఊడుస్తున్న బాబూ," అన్నారు ఆవిడ, చేటను వెలుతురులోకి వంచి చూస్తూ. "ఇంకా వస్తనే ఉన్నది."