కాళ్ళ చప్పుడు వినపడాలి

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకు ఇలాంటి కథలకు కొదవ ఉండదు. పాత సిగ్నల్ కేబిన్‌లో ఎవరో దగ్గుతున్నారని స్నేహితురాళ్ళు వణికిపోతుంటే, పట్టపగలు వాళ్ళను లాక్కెళ్ళి లోపలున్న మేకను చూపించినదాన్ని నేను. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే తప్పు పట్టను. నా తెలుగు అంతంతమాత్రం, అక్షరదోషాలు అమ్మ దిద్దింది. జరిగినదాన్ని మాత్రం నేనెక్కడా దిద్దలేదు.

మా నాన్న గూడ్స్ బళ్ళు నడిపే డ్రైవరు. నా చిన్నప్పుడు, ఇంకా అందరి చేతుల్లోకీ ఫోన్లు రాలేదు కనక, డ్యూటీ కబురు ఇంటికి తెచ్చే మనిషి ఒకడుండేవాడు. కాల్‌మేన్ అనేవారు. మా క్వార్టర్ల వరసకు వచ్చేది అప్పల్రాజు తాత, విజయనగరం వైపు మనిషి. డ్యూటీకి సరిగ్గా రెండు గంటల ముందు సైకిల్ మీద వచ్చి, తాళంచెవితో మా ఇనుప గేటు మీద మూడుసార్లు కొట్టేవాడు. నాన్న లేచి వెళ్ళి కాల్‌బుక్‌లో టైము వేసి సంతకం పెట్టాలి.

లోపలి నుంచి "లేచాను" అంటే తాత నమ్మేవాడు కాదు. అలా అనేసి మళ్ళీ ముసుగు తన్నినవాళ్ళను ఎంతమందిని చూశాడో మరి. "గొంతు కాదు బాబూ, కాళ్ళు కింద ఎట్టు. సప్పుడు ఇనపడాల," అనేవాడు. నాన్నకు ఇంకో ఐదు నిమిషాల నిద్ర దక్కుతుందని నేను మంచం దిగి దబదబా నేలను తన్నేదాన్ని. "అచ్ఛా, ఇవి డ్రైవర్ గారి కాళ్ళు కావు, పిల్ల కాళ్ళు," అని బయటి నుంచి వినపడేది. ఒక్కసారి కూడా మోసపోలేదు.

ఇక అసలు సంగతి. నేను పైచదువుకు జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళాను. సీటు నిలవాలంటే ఆ చలికాలంలో జర్మన్ భాష పరీక్ష ఒకటి రాయాలి. ఆ రోజు వెళ్ళకపోతే ఇంటికి రావడమే.

పరీక్ష ముందురోజు సాయంత్రం బేకరీలో రొట్టె అడిగాను. అమ్మే ఆవిడకు మూడుసార్లు చెప్పినా అర్థం కాలేదు. నాలుగోసారి మూగదానిలా వేలు చూపించి తెచ్చుకున్నాను. హాస్టల్ గదికి వచ్చి కరువుతీరా ఏడ్చాను. రొట్టె అడగడమే రానిదాన్ని, పరీక్షేం రాస్తాను? తిరుగు టికెట్లు వెతికాను. ఫోన్‌లో అలారం తీసేశాను. మరిచిపోయి కాదు, కావాలనే తీసేశాను.

పొద్దున ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, మూడు దెబ్బలు. ఆ వెంటనే, "ఏటమ్మా, డూటీ. కాళ్ళు కింద ఎట్టు."

నిద్రమత్తులో ఎక్కడున్నానో తెలియలేదు. మంచం దిగి, చిన్నప్పటిలాగే నేల మీద దబదబా తన్నాను. అప్పుడు తెలివొచ్చింది. తలుపు తీశాను, వరండాలో ఎవరూ లేరు. నాది నాలుగో అంతస్తు. తలుపు చెక్కది. గేటు లేదు, కిటికీకి ఊచలు లేవు. ఫోన్ చూస్తే ఏడు. పరీక్ష తొమ్మిదికి.

కల అనుకున్నాను. కానీ కాళ్ళు నేల మీద పెట్టాక మళ్ళీ పడుకోవడానికి సిగ్గేసింది. ముఖం కడుక్కుని ట్రామ్ ఎక్కాను. పరీక్ష రాశాను, బొటాబొటిగా గట్టెక్కాను.

ఆ సాయంత్రం ఉమ్మడి వంటగదిలో పక్కగది అమ్మాయి లీన్ నన్ను పట్టుకుంది. వియత్నాం పిల్ల. పొద్దున ఏడింటికి నీ తలుపు దగ్గర ఇనుము కొట్టిందెవరు, ఆ తర్వాత నువ్వు గంతులెందుకు వేశావు అని అడిగింది. మాటలేమైనా వినపడ్డాయా అంటే లేదంది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ దిష్టి తీయించడానికి వెనక్కి రమ్మంటుంది. తాత పోయి ఉంటాడని మాత్రం నాకు నేనే తీర్మానించుకున్నాను.

సెలవులకు వచ్చినప్పుడు నాన్నను అడిగాను, అప్పల్రాజు తాత ఎప్పుడు పోయాడని.

"పోవడమేటే? ఊళ్ళోనే, తెలిపారాలో కోడలి దగ్గర శుభ్రంగా ఉన్నాడు," అన్నాడు నాన్న.

మర్నాడు స్కూటర్ మీద ఇద్దరం వెళ్ళాం. తాత వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. చిక్కిపోయాడు, చెవులు పూర్తిగా పోయాయి. నేను నోరు తెరవకముందే కోడలు నాన్నతో అంది:

"ఈ పాపేనా మీ అమ్మాయి? మావయ్యకి కుక్కర్ కూత కూడా ఇనపడదు కదా. చలికాలంలో ఓరోజు ఎండలో కూకుని ఉన్నపళంగా నవ్వేరు. డ్రైవర్ గారి పిల్ల లెగిసింది, కాళ్ళ సప్పుడు ఇనపడింది, నా బుక్కేదీ అని ఒకటే గోల. అప్పుడే గ్యాస్ బండ దింపుతున్నారు. పదకొండున్నర అయింది."

అక్కడి ఏడంటే ఇక్కడి పదకొండున్నర. గ్యాస్ వచ్చిన రోజును ఆవిడ క్యాలెండర్‌లో సున్నా చుట్టి పెడుతుందట. పాత క్యాలెండర్ ఇంకా కొత్తదాని వెనకే వేలాడుతోంది. తీసి చూశాను. సున్నా చుట్టి ఉన్నది నా పరీక్ష రోజే.

తాత నన్ను చూశాడు. తర్వాత నా కాళ్ళకేసి చూశాడు.

"లెగిసావు, బాగుంది. మరి సంతకమేదీ?"

నాన్న జేబులోంచి పెన్ను తీసుకుని క్యాలెండర్‌లో సున్నా చుట్టిన ఆ గడిలో పేరు రాశాను. టైము దగ్గర చెయ్యి ఆగింది. అక్కడి ఏడు వేయాలా, ఇక్కడి పదకొండున్నరా? నాన్నను అడిగాను.

"డ్యూటీ ఎక్కడుంటే అక్కడి టైమే," అన్నాడు.

ఏడు అని వేశాను. తాత క్యాలెండర్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదివి, "రైట్ టైమ్," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నన్ను లేపింది ఎవరో, ఈ చెవిటి మనిషికి వినపడింది ఏమిటో నేను చెప్పలేను. అంత దూరం ఆ చప్పుడు ఎలా వెళ్ళిందో నా చదువులో ఎక్కడా లేదు. లైప్‌జిగ్‌లో ఆ దెబ్బలు మళ్ళీ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు బేకరీలో రొట్టె ఒక్క మాటకే ఇస్తున్నారు, అలారం నేనే పెట్టుకుంటున్నాను. అది మోగగానే రెండు కాళ్ళూ దబదబా నేలకేసి కొడతాను. తాతకు వినపడాలి కదా.