లాన్‌లో గడి దర్వాజ

చేవెళ్ల దగ్గర మా అత్తవారిది దొరల కుటుంబం. సర్కారు తరఫున చుట్టుపక్కల ఊళ్లలో శిస్తు వసూలు చేసి, తగవులు తీర్చి, తరాల పాటు ఏలినవాళ్లు. నేను కోడలిగా వచ్చేనాటికే వాళ్ల కోటలాంటి ఇల్లు, ఆ గడి, పైకప్పు కూలింది, పొలాలు ప్లాట్లవుతున్నాయి. చివరికి మిగిలిన టేకు దర్వాజను మావారు అజీజ్‌నగర్‌లో ఒక రిసార్ట్‌కు అమ్మేశారు.

మొన్న బంధువుల పెళ్లి అక్కడే జరిగింది. మావారి మేనత్తను నేనే కారులో తీసుకెళ్లాను. ఆమెను నేనూ మావారూ అత్తమ్మ అనే పిలుస్తాం. ఆ గడిలోనే పుట్టి పెరిగింది. పెళ్లైన కొన్నాళ్లకే భర్త పోతే మళ్లీ అక్కడికే వచ్చింది.

దర్వాజను లాన్ మధ్యలో నిలబెట్టారు, చుట్టూ గోడ లేదు. పెళ్లికొచ్చిన పిల్లలు దానికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. మావారు ఎప్పటిలాగే చుట్టూ జనాన్ని పోగుచేశారు.

"దీని ముందట మా తాత ఏమంటే అదే తీర్పు. ఎంతటోడైనా చెప్పులు ఇడిసి నిలవడాలె."

"రాజుల్లాగే ఉండేవారన్నమాట!" అన్నారు గండిపేటలో స్థిరపడిన కోస్తా ఆవిడ ఒకరు.

ఈ మాటలు ఎన్ని పెళ్లిళ్లలో విన్నానో. నాకు ఎక్కడైనా కూర్చుంటే చాలనిపించింది.

అత్తమ్మ మాత్రం దర్వాజ గడియను చేత్తో తడుముతూ నిలబడింది.

"చేవెళ్ల బడికి పోతనని దీన్ని పట్టుకొని ఏడ్సిన బిడ్డా. బాపు నా చెయ్యి ఇడిపించి లోపటికి గుంజిండు. గడి ఆడివిల్ల బయటికి పోతే ఇజ్జత్ పోతదన్నడు. ఇప్పటికీ బస్సు మీద ఊరి పేరు సదవరాదు నాకు."

"రండి అత్తమ్మా, ఇప్పుడు దాటుదాం. ఫోటో తీస్తాను," అన్నాను.

"ఇప్పుడు దాటి ఏం జేస్త? కాళ్లు గుంజుతున్నయ్. కుర్సీ ఏడున్నదో చూడు."

కుర్చీ తెచ్చి వేశాను. అంతలో మావారు అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు.

"అత్తమ్మా, నువ్వు కూడ జర చెప్పు. గడిల పుట్టినదానివి."

ఆమె అందరి వైపూ ఒకసారి చూసింది.

"ఊరోళ్లు చెప్పులు ఇడిసిన్రు, నిజమే. మాకైతే చెప్పులే కొనియ్యలే. ఏడికి పోయేది ఉన్నదని?"

అందరూ ఘొల్లున నవ్వారు. మావారూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. చీర కొంగుతో మెడ తుడుచుకుని, "అన్నం పెడుతున్నరా?" అని నన్నడిగింది.

భోంచేసి ఇద్దరం ముందే బయల్దేరాం. మొయినాబాద్ దాటకముందే ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఇల్లు చేరాక కూడా లేపాలనిపించక, కారు ఆపి పక్కనే కాసేపు కూర్చున్నాను.