విమల విప్పిన లేత్

నాంపల్లి స్టేషన్ వెనక సందులో విద్యాసాగర్‌కు ఇనుము చెక్కే లేత్ మెషిన్ షాపు ఉండేది. పెళ్లయిన కొత్తలో అన్నం డబ్బా తెచ్చిపెట్టే విమల మెల్లగా అక్కడే పని నేర్చుకుంది. నీళ్ల మోటారు షాఫ్టులు చేయడంలో ఆమె చెయ్యి భర్త చేతికంటే నిలకడ అని అబిడ్స్ దుకాణాలవాళ్లు అనేవాళ్లు.

విద్యాసాగర్ గుండెపోటుతో పోయాక, అతని తమ్ముడు జితేందర్ షాపుకు తాళం వేశాడు.

"ఆడమనిషి ఒక్కతే గీడ మెషిన్ నడిపిస్తే నలుగురు ఏమంటరు, వదినా?"

ఆమెకు పని ఇస్తున్నది ఆ నలుగురే. ఆ మాట చుట్టాల ముందు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. ఏళ్లు గడిచాక ఆ చుట్టాలే తేల్చారు. షాపు జితేందర్‌ది, మెషిన్ విమలది. ఖైరతాబాద్‌లో ఒక షెడ్డు మాట్లాడుకుని, మెషిన్‌ను విప్పి తీసుకుపోవడానికి వచ్చిందామె.

పనిముట్టును ముందుకూ వెనక్కూ జరిపే స్లైడ్ తుప్పుతో పట్టేసింది. స్క్రూలు ఒక్కటీ కదల్లేదు. విమల వాటి చుట్టూ కిరోసిన్ పోసి నాననిచ్చింది. మర్నాడు స్క్రూలు తిప్పే పేచ్‌కస్ ఆనించి, దాని పిడి మీద సుత్తెతో చిన్నగా కొట్టింది. ముందు బిగింపు వైపు కాస్త తిప్పి, ఆ తర్వాత వెనక్కి తిప్పింది. ఒక్కొక్కటే కిర్రుమంటూ లొంగాయి. గాడి అరిగిపోయిన చివరిదాన్ని మంటతో కాల్చి తీసింది. ఒక్కటి కూడా విరగలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది.

స్లైడ్ పైకెత్తేసరికి ఆ నవ్వు పోయింది. కింద అద్దంలా ఉండాల్సిన ఇనుమును తుప్పు గుంటలు గుంటలుగా తినేసింది. అప్పటిదాకా వంచిన తల ఎత్తి చూస్తే, సరిగ్గా మెషిన్ పైన, కప్పు రేకు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది.

"రేకు ఏది, జితేందర్?"

"గదా? ఇంటి కాడ బండికి నీడ కావాల్నని తీస్కపోయిన. నువ్విక రావనుకున్న."

"నన్నడిగితే ఒక ప్లాస్టిక్ పట్టా అయినా కప్పిపోదును కదా."

"నేనేం చేసిన వదినా? వాన పడ్డది."

విమల చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. ఇక పనికిరాని మెషిన్ పాత ఇనుప సామాన్లవాళ్లకు తుక్కు కింద పోయింది.

ఇప్పుడామె ఖైరతాబాద్‌లో వేరేవాళ్ల లేత్ మీద కూలికి పనిచేస్తుంది. నాంపల్లి షాపులో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సామాను కొనడానికి అటు వెళ్లినప్పుడు జితేందర్ గల్లా దగ్గరినుంచే పిలుస్తాడు.

"వదినా, జర చాయ్ తాగి పో."

విమల తల తిప్పదు.