పాదాల తనిఖీలో భీమన్న

ఠంగ్, ఠంగ్, ఠంగ్. భజన గది గుమ్మంలోకి మనిషి రాకముందే స్టీలు పళ్లెం మీద చెంచా మోత వచ్చేది. ఒమన్‌లోని ఖురియాత్ కూలీల క్యాంపులో అందరికీ తెలుసు, భీమన్న కొట్లాటకు వస్తున్నాడని. కొట్లాడని రోజు అతనికి అన్నం అరగదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా కోపమే, తక్కువైనా కోపమే. సరిపోతే, "మరి నిన్న ఏం రోగమొచ్చింది?" అని కోపం.

1991 చలికాలంలో క్యాంపు నిండా నల్లబట్టలు పూచాయి. తొలిసారి ఇరవైమంది అయ్యప్ప మాల వేసుకున్నారు. స్టోర్‌కీపర్ జయరాముడు తనకు తానే గురుస్వామి అయిపోయాడు. మాల వేసుకున్నవాడు సైట్‌లో కూడా చెప్పులు, బూట్లు తొడగరాదన్నాడు. తొడిగితే మాల తీయిస్తానన్నాడు. రోజూ సాయంత్రం పూజలో వరుసగా కూర్చోబెట్టి అరికాళ్లు తనిఖీ చేసేవాడు.

సురేందర్‌కు ఆ తనిఖీ అంటేనే భయం. మూడేళ్లొచ్చినా అడుగు వేయని బిడ్డ కోసం మొక్కి వేసుకున్న మాల అది. మిగతావాళ్ల సంగతేమో గాని, అతని ఇంజనీరు మాత్రం బూట్లు లేకుంటే సైట్‌లోకి రానివ్వడు. అందుకే దొంగచాటుగా తొడిగేవాడు.

వరుసలో అతనికి ముందు భీమన్న, అతనూ మాలలోనే. జయరాముడు అక్కడిదాకా రాగానే చెంచా మోగేది.

"ఏం స్వామీ, గింత పొగ? దేవునికా, దోమలకా?"

"నోరు మూస్కో స్వామీ!"

"పులిహోరల పల్లీలేవి స్వామీ? నీ రూమ్‌ల పడ్డయా?"

అరుపుల్లో తనిఖీ ఆగిపోయేది. సముద్రం మీంచి వచ్చిన గాలి కూడా ఆ కిటికీ దగ్గర కాసేపు తడబడి పోయేది. బతికించాడని సురేందర్ దేవుడికి దండం పెట్టి, పూజ పాడుచేశాడని భీమన్నను తిట్టుకునేవాడు.

ముప్పయ్యో రోజు జయరాముడు పంతం పట్టి వచ్చాడు.

"ఇయ్యాల ఎవడు అడ్డమొచ్చినా ఊకోను. కాళ్లు సాపుండ్రి!"

భీమన్న లేచాడు. "నీకేంది స్వామీ! ఏసీ కింద నున్నటి బండల మీద నడుస్తవ్. మేం మేకుల మీద నడవాలె. ఒక్కరోజు వట్టి కాళ్లతోని స్కాఫోల్డింగ్ ఎక్కు. దిగినంక నీ కాళ్లు నేనే మొక్కుత!"

ఎవరూ కాళ్లు చాపలేదు. ఒక్కొక్కరే నల్ల లుంగీల కిందికి పాదాలు ముడుచుకున్నారు.

"మాల తీసి బయటికి పో!"

"ఏసింది నువ్వా, తీయనీకి?"

జయరాముడు క్యాంప్ బాస్ చెవిలో ఏం ఊదాడో, మూడోరోజే భీమన్నను ఎక్కడో దూరాన ఎడారిలో ఉన్న బురైమి సైట్‌కు మార్చారు. అతని పెట్టెను బండిలో పెడుతూ సురేందర్ గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, నేను బూట్లేసుకునేది నీకు ఎరుకేనా?"

భీమన్న కళ్లెర్రజేశాడు.

"ఎరుక గాకేం! అందరి కాళ్లు పగిలి బీడు లెక్కున్నయ్, నీయి పెండ్లికొడుకు కాళ్ల లెక్క మెరుస్తున్నయ్. నెల రోజులు కొట్లాడి కొట్లాడి నా గొంతు పోయింది. ఇగనన్న జర సిమెంట్ రాస్కొని కూసోరాదుర!"