ముట్టుకోవద్దన్న తొమ్మిది వరుసలు

ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే సీసపు తలుపు. ఇంటికొచ్చాక ఇంకో పని ఉండేది. కంప్యూటర్‌కీ, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య మాట మోసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. వాళ్ల ఆసుపత్రిలో ఉన్నవాటిలాంటి పాత కార్డుల విషయంలో కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. అందుకని ఆయనా, పిచ్చుక అనే మారుపేరుతో రాసే ఒకావిడా కలిసి ఒక డ్రైవర్ రాసి, పదకొండేళ్లుగా ఓపెన్ సోర్సుగా నడుపుతున్నారు. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, పట్టుకుపోవచ్చు. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. ఒకరు రాసింది రెండోవారు చూశాకే డ్రైవర్‌లో చేరాలన్నది వాళ్ల కట్టుబాటు.

ఒక వేసవిలో ఆవిడ మెయిళ్లు ఆగిపోయాయి. మూడు వారాలకు ఆవిడ చిరునామా నుంచే జవాబొచ్చింది. "నేను ఆవిడ చెల్లెల్ని. అక్క పోయింది. మీరు రాసినవన్నీ చూశాను."

ఆయన కోడు తెరిచాడు. ఆవిడ చివరిగా రాసి, ఆయన నమ్మకం మీద చూడకుండానే ఒప్పుకున్న తొమ్మిది వరుసల పైన ఒక మాట ఉంది: "ఇవి ముట్టుకోవద్దు. ఎందుకో తర్వాత చెబుతా."

ఆ 'తర్వాత' ఆయన్ని పట్టుకుంది. పళ్లు తోముకుంటున్నా, బస్సులో కూర్చున్నా ఆ వాక్యమే వినబడేది, అదీ తానెన్నడూ వినని గొంతులో.

ఈలోగా వాడేవాళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. తెర నిద్రలోంచి లేచినప్పుడు ఒక్కోసారి కొత్త బొమ్మ రాకుండా పాతదే నిలిచిపోతోందట. అందరూ మేస్త్రి అని పిలిచే ఒకతను వెతికి వెతికి, తప్పు ఆ తొమ్మిది వరుసల్లోనే ఉందన్నాడు. తీసేయమన్నాడు. ఆవిడ చూడకుండా కుదరదని ఈయన జవాబిచ్చాడు. ఆవిడ లేదని తెలిసే ఇచ్చాడు.

ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆయన సొంత చెల్లెలు తలెత్తకుండానే అంది. "అన్నయ్యా, పోయిన మనిషి సంతకం కోసం ఎన్నాళ్లు కూర్చుంటావు?"

ఏడాది చూసి, మేస్త్రి ఫోర్కు చేస్తానన్నాడు. అంటే ఉన్న కోడంతా తీసుకుని వేరు కాపురం పెట్టడం. చాలామంది భయపడ్డారు. పనిచేసే చేతులే పది, అవీ రెండుగా చీలితే ఏ డ్రైవర్‌ని నమ్మాలని అడిగారు. ఈయన ఆ భయాన్ని ఎగదోశాడు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెడితే రెండూ ఆరిపోతాయని రాశాడు. మేస్త్రి ఒక్క ముక్క రాశాడు: "ఉన్న పొయ్యి మీద ఏడాదిగా ఏమీ ఉడకట్లేదు సార్." సగం మంది అతనితో వెళ్లిపోయారు.

ఆ తర్వాతి నెలలో, ఒక ఉదయం, దగ్గు తగ్గడం లేదని ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఈయనే ఎక్స్‌రే తీశాడు. కాసేపటికి కాగితాలివ్వడానికి వెళ్తే, ఆవిడ డాక్టరు గది బయట బెంచీ మీద ఫోను పట్టుకుని ఏడుస్తోంది. ఊపిరితిత్తిలో నీడ ఉందన్నారట.

లోపలికెళ్లి తెర చూశాడు. పైన కండక్టరమ్మ పేరే ఉంది. బొమ్మలో మాత్రం ఎడమ కాలరెముక విరిగి అతుక్కున్న గుర్తుంది. ఆ ఎముక అంతకుముందు వచ్చిన పెయింటరుది. ఆసుపత్రి కంప్యూటర్లలోనూ ఉన్నది తమ డ్రైవరే; నిద్రలోంచి లేచిన తెర మీద పాతబొమ్మే నిలిచిపోయింది.

"డాక్టరుగారూ, ఇది ఆవిడది కాదు. తప్పు నాది," అన్నాడు.

ఆ సాయంత్రమే అందరికీ రాశాడు. ఈ డ్రైవర్ ఇక్కడితో ఆగింది, మేస్త్రి దగ్గరకు వెళ్లండి, ఆలస్యం నాది, అంతే. మర్నాడు అనుమతి తీసుకుని ఆసుపత్రి కంప్యూటర్లన్నిటిలో ఫోర్కు ఎక్కించాడు. పాతబొమ్మ మళ్లీ నిలవలేదు. మేస్త్రి తమతో చేరమంటే చేరాడు. పిచ్చుక ఆ వరుసలు ఎందుకు రాసిందో నలుగురూ కూర్చుని చూసినా తేలలేదు. తనకు తెలిసేది కాదని ఆయన ఒప్పుకున్నాడు. ఆ గొంతు మాత్రం పోలేదు.

రెండు వారాలకు కండక్టరమ్మ దగ్గు మందుల కోసం వచ్చింది. ఆయన జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు.

"మరి ఆ నీడ ఎవరిది?" అని అడిగింది.

"ఒకాయనది. ఆయనకు అప్పుడే చెప్పేశారు. వైద్యం జరుగుతోంది."

"ఆ అరగంటా అది నాదే కదండీ," అంది. "ఆయనకెలా ఉందో నాకు చెబుతూ ఉండండి."

పేరు చెప్పడం కుదరదన్నాడు. అక్కర్లేదంది. నెలకోసారి ఫోను చేస్తుంది. ఈయన చెబుతాడు.