బావిగట్టున నా ఎర్ర కన్ను

కుందుర్పికి పడమటగా ఉండే ఒక చిన్న పల్లెకు మేము చేరింది ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నం. రెండు లారీలు. ఒకదాంట్లో డ్రిల్లును ఆడించే గాలి మిషను, డ్రిల్లు కడ్డీలు, బండలు పేల్చే మందుతూటాల పెట్టెలు. రెండోదాంట్లో గుడారాలు, వంటసామాను, నీళ్ల పీపాలు, తొమ్మిదిమంది సిపాయిలం. ఎండకు తాళలేక లారీ నీడ గూడా లారీ కిందికి దూరి పండుకున్నాది. మిట్టమధ్యాహ్నం నీడ ఇంక యాడికి పోతాదిలే అంటాడు మా బామ్మర్ది. వాడు పటాలంలో పనిచేసినోడు కాదు.

మాది సాపర్ల దళం. తుపాకి కన్నా సమ్మెట ఎక్కువ పట్టేవాళ్లం. దారులు వేస్తాం, వంతెనలు కడతాం, బండలు పేలుస్తాం. ఆ కాలంలో వరసగా వానలు తప్పినాయి. ఎండిన బావులను లోతు చేసి నీళ్లు తెప్పించమని మాకు ఆర్డరు వచ్చింది. మంచుకొండల్లో కాపలా కాసినోళ్లు ఎన్నో గొప్పలు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. మాది మడకశిర పక్కన. నేను నా జిల్లాలో, నా ఎండలో, నా మాట మాట్లాడే జనం కోసం యూనిఫారం వేసుకొని డ్యూటీ చేసినాను. ఆ గర్వం వేరే.

ఊర్లో ఉన్నది ఒకే బావి. ఎనిమిది మట్ల లోతు. మట్టు అంటే ఒక మనిషి నిలువు. అడుగున నల్లబండ, దాని మీద చచ్చిన తేలు. ఆడోళ్లు వంకలో చెలమ తోడి, కొబ్బరిచిప్పతో ముంచి కడవ నింపుకుంటాండ్రి. ఒక కడవకు ఒక పూట.

మా హవల్దారు సేలం వైపు మనిషి. మాటకు రేషన్ పెట్టుకున్నోడు. బావిలోకి ఒకసారి తొంగిచూసి, "నెలాఖరు సోమవారం లోపల నీళ్లు. లేకుంటే మిషను ఇంకో ఊరికి పోతాది" అన్నాడు. అంతే, ఆ దినానికి ఆయన రేషన్ అయిపోయింది.

తూటాలు పెట్టి పేల్చే పని నాది. ఆ పని తెలిసినోడు మా దళంలో నేనొక్కడే. పేలినాక రాళ్లు ఎత్తేది ఊరి కూలీలు. వాళ్లకు పెద్ద ఒక ముసలి మేస్త్రి. అందరూ పెద్దమేస్త్రి అనేవాళ్లు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉన్నాది. పొద్దున బావిలోకి దిగే ముందు ప్రతి మనిషీ గట్టున ఆయన ముందర నిలబడాల. ఆయన బొటనవేలితో కింది రెప్ప లాగి కంట్లోకి చూస్తాడు. కన్ను తెల్లగా ఉంటే, "దిగు". ఎర్రగా ఉంటే ఆ దినం వాడు పైనే. తాగినోని కన్ను, నిద్రలేనోని కన్ను, మందుపొగ తగిలినోని కన్ను, మూడూ ఆయనకు వేరేవేరేగా తెలుస్తాయి. సిపాయిలమైనా సరే, ఆ వేలికింద నిలబడాల్సిందే. ఆ వేలు అరగదీసిన ఇసకరాయి మాదిరి ఉంటాది. రోజూ పొద్దున నా చెంప మీద రవంత దుమ్ము మిగిల్చేది.

కూలీలకు నేనంటే ఇష్టం, కథలు చెప్తానని. ఒకసారి నేను కొండలో తూటా పేలిస్తే, అవతలి ఊర్లో దాన్ని పెండ్లిడోలు అనుకొని, ముహూర్తానికి ముందే తాళి కట్టించినారని చెప్పినాను. పెద్దమేస్త్రి కన్నార్పకుండా విని, "పిల్లోళ్లెందరు వాళ్లకు?" అని అడిగినాడు.

పదకొండు మట్లు దిగినాము. డ్రిల్లు పెడితే బండ లోనుంచి పొడి గాక, తొలిసారి తడి ముద్ద వచ్చింది. నీళ్లు దగ్గరనే ఉండాయని అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రం రాతిపొడికి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. నా తుమ్ములకు ఊర్లో కుక్కలు జవాబు చెప్పినాయి.

మరుసటి పొద్దున గడ్డం గీసుకుంటాంటే వైర్‌లెస్ ఆపరేటరు నా మొహం చూసి చెంబు వదిలేసినాడు.

"అన్నా, ఎవరు కొట్టినారు నిన్ను?"

అద్దంలో చూసుకున్నా. ఎడమకంట్లో తెల్లగుడ్డు సగం నెత్తురు. పచ్చి నెత్తురు. కన్ను పోతే సాపరు పని పోయినట్లే.

మా దళంలో మందులపెట్టె చూసుకునే సిపాయిని కంపౌండరు అనేవాళ్లం. చిత్తూరు వాడు. నన్ను ఎండలో నిలబెట్టి కన్ను తిప్పించి చూసినాడు.

"నొప్పి ఉందా?"

"లేదు."

"పుసులు? వెలుతురు చూస్తే కుట్టడం?"

"లేవు. రవంత గరగర, అంతే."

"రాయి ఏమైనా తగిలిందా? నిజం చెప్పు."

"తగల్లేదప్పా. తుమ్మినా."

కుడికన్ను మూయించి, దూరాన ఉన్న బియ్యం మూట మీది అక్షరాలు చదవమన్నాడు. అన్నీ చదివినా. లేనివి గూడా రెండు చదివినా.

"ఇది ఏమీ కాదు" అన్నాడు. "కంటి తెలుపు మీద ఉల్లిపొర కన్నా పలచన పొర ఒకటి ఉంటుంది. దాని కింద వెంట్రుకంత నరం చిట్లింది. నెత్తురు పోయేదానికి దారిలేక ఆడనే పరుచుకుంది. లోపలికి పోలేదు. చూపుకు ఏ బాధా లేదు. తుమ్మినా వస్తుంది, దగ్గినా వస్తుంది, ఒక్కోసారి ఊరికేనే వస్తుంది. రెండు దినాలు ఇంకా పెరుగుతుంది, భయపడొద్దు. తర్వాత పచ్చబడి, రెండు మూడు వారాల్లో పోతుంది."

"మందు?"

"లేదు."

"కట్టు?"

"లేదు."

"పోనీ, సెలవు?"

"అది అసలే లేదు."

అయినా పటాలం డాక్టరును వైర్‌లెస్‌లో అడగమన్నాడు హవల్దారు. ఆపరేటరు మీట నొక్కినాడు.

"సాబ్, కంట్లో నెత్తురు. నొప్పి లేదు. చూపు బాగుంది. ఓవర్."

"దెబ్బ తగిలిందా? ఓవర్."

"లేదు సాబ్. తుమ్ములు. ఓవర్."

"పని చెయ్యనీండి. నొప్పి మొదలైనా, చూపు మసకైనా, మళ్లీ మళ్లీ వచ్చినా నా దగ్గరికి పంపండి. రక్తపోటు చూడాల. ఓవర్ అండ్ ఔట్."

నేను రాజు మాదిరి బావిగట్టుకు పోయినాను. పెద్దమేస్త్రి వేలు నా చెంప మీద పడింది. రెప్ప లాగినాడు. వేలు అట్లనే ఆగిపోయింది. ఆయన మొహంలో రంగు పోయింది.

"ఈ పొద్దు ఎవరూ దిగొద్దు" అన్నాడు.

"ఏమీ లేదు మేస్త్రీ. చిన్న నరం చిట్లింది. దానంతట అదే పోతాది. డాక్టరు గూడా చెప్పినాడు."

ఆయన నా దిక్కు చూసి, "సిపాయప్పా, ఇన్నాళ్లు నువ్వు చెప్పినవన్నీ నమ్మినా. ఇది మాత్రం నమ్మను" అని తలగుడ్డ దులుపుకొని ఇంటికి పోయినాడు. కూలీలు ఆయన వెనకాలే పోయినారు.

చూడండి నా గతి. పెండ్లిడోలు కథ చెల్లింది. బతుకులో ఒక్క నిజం చెప్తే అది చెల్లలేదు. మరీ చప్పగా ఉన్నాది ఆ నిజం.

అది శుక్రవారం. సోమవారం మిషను పోతాది. తడి ముద్ద చేతికి తగిలినాక బావిని వదిలిపెట్టి పోవాల్నా? హవల్దారు వచ్చి, "నీ కన్ను బాగుంది. నీ నోరే బాగలేదు. పోయి వాళ్లను పిలుచుకొని రా" అన్నాడు. ఆ నెలకంతా ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

కంపౌండరును తోడు తీసుకొని పెద్దమేస్త్రి ఇంటికి పోయినాను. ఆయన అరుగు మీద తల వంచుకొని కూర్చున్నాడు. లోపల పురుడు. కోడలు కాన్పయ్యి ఎనిమిది దినాలు.

"మేస్త్రీ, నా కన్ను చూసి ఎందుకట్ల బెదిరినావు?" అని అడిగినా.

వాకిట్లో నిలబడిన ఆయన పెండ్లాం పలికింది. "మా మనవనికీ అట్లే ఉండాది నాయనా. పుట్టిన దినం నుంచే, కంట్లో నెత్తురు. బయటికి చెప్పుకోల్యా."

అప్పుడు పెద్దమేస్త్రి నోరు విప్పినాడు. "నేను ఆ బండ పగలగొట్టిస్తాండా. ముందు నా ఇంటిని పట్టింది. ఇప్పుడు బండకు తూటా పెట్టే నిన్ను పట్టింది. బావికి మన మీద కోపమొచ్చినాది, సిపాయప్పా. నా పిల్లోళ్లను నేను దింపను."

"ఇప్పుడెట్లుంది బిడ్డ కన్ను?" అన్నాడు కంపౌండరు.

"ఇంకా చెడిపోయినాది" అన్నాది అవ్వ. "ఎర్రది అంచుల్లో పచ్చబడతాండాది. విషం ఎక్కిందేమో. పొద్దుగూకేలోపల నాటుమందు ఆయన వస్తాడు. మైలుతుత్తం నూరి కంట్లో కలికం వేస్తానన్నాడు."

కంపౌండరు చేతిలో పెట్టె కింద పెట్టినాడు. మైలుతుత్తం చేలో తెగుళ్లకు చల్లే నీలిరాయి. ఎనిమిది దినాల కంట్లోనా!

"అవ్వా, బిడ్డను చూపిస్తావా?"

పురిటిబిడ్డను బయటివాళ్లకు చూపించరు. అవ్వ మొగుని దిక్కు చూసింది. ఆయన మా బూట్ల దిక్కు చూసి, సరేనని తల ఊపినాడు. గడప లోపల నిలబడి అవ్వ బిడ్డను పాతగుడ్డలో ఎత్తిపట్టింది. మేము గడప బయట. బిడ్డ ఆవలించి కన్ను తెరిచినాడు. నల్లగుడ్డు పక్కన గోరంత ఎరుపు. దాని చుట్టూ పసుపు చార. కన్ను మిలమిలా ఉంది. పుసి లేదు, వాపు లేదు. కంపౌండరు పక్కకు జరిగి వెలుతురు పడనిస్తే, వెలుతురు దిక్కు తిరిగింది.

కంపౌండరు నరాల గురించి, పొరల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దమేస్త్రి ముంజేయి పట్టుకున్నాడు. దాని మీద రాయి తగిలి కమిలిన మచ్చ.

"ఇది ఏమైతాది మేస్త్రీ?"

"ఏమైతాది? నల్లబడినాది, పచ్చబడతాది, పోతాది. మా ఒళ్లంతా ఇవే కదప్పా."

"పచ్చబడినాక మళ్లీ నల్లబడిందా ఎప్పుడైనా?"

పెద్దమేస్త్రి తన చేయి చూసుకున్నాడు. నా కన్ను చూసినాడు. లేచి గడప దగ్గరికి పోయి బిడ్డ మీదికి వంగినాడు. వెయ్యి కండ్లు చూసిన మనిషి. ఇంట్లో కంటిని మాత్రం భయంతో తిన్నగా చూసి ఉండలేదు.

"కాన్పు కష్టమైందా అవ్వా?" అన్నాడు కంపౌండరు.

"రెండు పొద్దులు నొప్పులు పడింది నా కోడలు."

"ఆ ఒత్తిడికి బిడ్డ కంట్లో నరం చిట్లింది. తుమ్ముకు వీనిది చిట్లింది. బావికి ఎవరి మీదా కోపం లేదు."

పెద్దమేస్త్రి తేల్చి చెప్పలేదు. "ఆ మందాయనకు ఈ పొద్దు రావొద్దని కబురు చెయ్" అన్నాడు పెండ్లాంతో. "రేపు పొద్దున నీదీ, పిల్లోనిదీ, రెండు కండ్లూ చూస్తా. పిల్లోనిది వెంట్రుకంత తగ్గినా దిగుతాం. లేకుంటే లేదు."

శనివారం పొద్దున నా కన్ను ఇంకా చెడ్డగా ఉన్నాది. నల్లగుడ్డు చుట్టూ నెత్తురే. బావిగట్టున ఊరంతా నిలబడింది. వేలు నా చెంప మీద పడింది.

"నీది పెరిగినాది."

"పెరుగుతాదని కంపౌండరు ముందే చెప్పినాడు."

"ఊఁ. పిల్లోనిది తగ్గినాది." రెప్ప వదిలినాడు. "వాడు నీకు సీనియరు. వాని వెనకాల నీదీ తగ్గుతాది. దిగు!"

ఆ 'దిగు' కన్నా గొప్ప కమాండు నేను పటాలంలో వినలేదు.

ఆ దినం నాలుగు రంధ్రాలు, మరుసటి దినం ఐదు. ఆదివారం సాయంత్రం ఒత్తులు అంటించి పైకి వచ్చినాను. ఐదు దెబ్బలూ పేలినాయి. పొగ తగ్గినాక పెద్దమేస్త్రి తానే ముందు దిగినాడు. గట్టున మేమంతా వంగి చూస్తాండాము. తర్వాత అడుగునుంచి తిట్లు వినబడినాయి. పచ్చి బూతులు, సంతోషంతో. బండ పగులులోంచి వేలు లావు ధార మొహానికి కొట్టిందంట. తెల్లారేసరికి మోకాటి లోతు. హవల్దారు వైర్‌లెస్ తానే పట్టుకొని, "నీళ్లు. ఓవర్" అన్నాడు.

పతకాలు ఎవరికైనా రొమ్ము మీద పెడతారు. నాకు కంట్లో పెట్టినారు. ఇంటికి వచ్చినాక మా వీధిలో దాన్ని గురించి మూడు కథలు చెప్పినాను. ఒకదాంట్లో చిరుతపులి గూడా ఉండాది. అవన్నీ నమ్మినారు. ఇది మాత్రం ఎవరూ నమ్మలేదు. మీ ఇష్టం.

లారీలు ఎక్కే పొద్దున అవ్వ కడవ దించి, కొంగులో బిడ్డను చూపించింది. వాని కన్ను ఇంకా పూరా తెల్లబడలేదు గానీ, ఆ పసుపు చార చూసి ఇప్పుడు ఆమె నవ్వుతాంది. నాదింకా ఎర్రగానే ఉన్నాది. "వస్తా మేస్త్రీ" అన్నాను. ఆయన బావిలోంచి అప్పుడే ఎక్కి వచ్చినాడు. ఏమీ అనకుండా నన్ను గట్టున నిలబెట్టినాడు. నాకింక పని లేదు, దిగేది లేదు. అయినా రోజూ మాదిరే వేలు నా చెంప మీద పెట్టి, రెప్ప లాగి, చూసినాడు.

ఆ వేలు తడిగా ఉన్నాది. చల్లగా, బురదబురదగా. లారీ కదిలి ఊరు కనుమరుగైనాక గూడా నేను ఆ చెంప తుడుచుకోలేదు.